తొంభై ఏడా, డెబ్బై తొమ్మిదా?

ఆ నాలుగంతస్తుల భవనంలో ఆవిణ్ణి చాటుగా "ఎందుకైనామంచిది పిన్ని" అంటారు. ఎదురుపడితే ఒట్టి పిన్ని. ఆకాశంలో మబ్బు జాడ లేకపోయినా గొడుగు లేనిదే గడప దాటదు, ఎందుకైనా మంచిదని. భుజానికి వేలాడే సంచిలో సూదీ దారం, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, దెబ్బలకు కట్టే గుడ్డ, ఒక టార్చిలైటు ఉంటాయి. పట్టపగలు టార్చి ఎందుకు పిన్నీ అని ఎవరైనా అడిగితే, "లిఫ్టులో ఉండగా కరెంటు పోతేనో?" అంటుంది. నిజానికి ఆవిడ లిఫ్టు ఎక్కదు. మధ్యలో ఆగిపోతుందేమోనని మూడంతస్తులూ మెట్ల మీదే నడుస్తుంది, టార్చి మోసుకుంటూ.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. పిన్ని కీడెంచడం దగ్గరే ఆగిపోయింది. మేలు దాకా రావడానికి ఆవిడకు తీరిక దొరకలేదు. భర్త సిటీబస్సు డ్రైవరు. ఆయన ఐదు నిమిషాలు ఆలస్యమైతే బస్సు బోల్తా పడిందనుకుంటుంది. పది నిమిషాలు ముందొస్తే ఉద్యోగం ఊడిందనుకుంటుంది.

"మరి సరిగ్గా టైముకొస్తేనో?" అని ఆయన ఒకసారి అడిగాడు.

"ఏదో దాస్తున్నారనుకుంటా" అంది పిన్ని.

ఇంతటి భయమూ ఒక్క విషయంలో మాత్రం భవనానికంతటికీ కలిసొచ్చింది. ఆ పేటలో మూడు సూపర్‌మార్కెట్లు ఉన్నాయి. బోర్డుల మీద పేర్లు ఏవైనా, భవనంలో వాళ్ళు పెట్టుకున్న పేర్లు వేరు. పదకొండు మెట్లెక్కి వెళ్ళాల్సింది మెట్ల షాపు. సందు మలుపులో ఉన్నది మూల షాపు. మనిషిని చూడగానే గాజు తలుపులు వాటంతటవే తెరుచుకునేది తలుపుల షాపు. మూడింటిలోనూ ధరలు మారేది మంగళవారమే. ఎక్కడ మోసపోతామోనన్న గుబులుతో పిన్ని మూడేళ్ళ కిందట ఒక నోటుపుస్తకం పట్టుకుని బయల్దేరింది. అప్పట్నించీ ఏ మంగళవారమూ తప్పలేదు.

ఆ పుస్తకం కూతురు చిన్నప్పుడు సగం రాసి వదిలేసిన లెక్కల పుస్తకం. అది నిండాక ఇంకోటి, అదీ నిండాక మరోటి. పేజీకి మూడు నిలువు గళ్ళు, ఒక్కో షాపుకు ఒకటి. బియ్యం, నూనె, పంచదార, ఉప్పు, పాలు, గుడ్లు, ఉల్లిపాయలు, సబ్బుపొడి. ధర పక్కన తనకు తోచిన మాట కూడా ఒకటి రాస్తుంది. "మూల షాపు గుడ్లు మరీ చిన్నవి, కోడికే మనసొప్పినట్టు లేదు." "మెట్ల షాపు పంచదార చవకే గాని మెట్లెక్కి దిగేసరికి తినాలన్న ఆశ పోతుంది." సాయంత్రానికి లిఫ్టు పక్కనున్న నల్లబల్ల మీద ఏ సరుకు ఎక్కడ చవకో సుద్దముక్కతో రాసి పెడుతుంది. చదివింది ఏడో క్లాసే అయినా, పిన్ని బల్ల మీద రాసిందంటే అందరికీ రాతి మీద గీత.

ఇప్పుడు ఆ మంగళవారానికే ఒక చిక్కు వచ్చిపడింది.

ఒక్కగానొక్క కూతురు తలుపుల షాపులో ఉద్యోగంలో చేరింది. చిన్నప్పుడు తిండి పిచ్చుక తిన్నంత, కిచకిచలు పది పిచ్చుకలంత. అందుకని ఇంట్లో పిచ్చుక అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పిల్ల పని ధర చీటీలు చూసుకోవడం. మంగళవారం తెల్లవారగానే వెళ్ళి, ఆ వారం ధరల చీటీలు మిషను మీద అచ్చేసి, అరల అంచున ఉన్న ప్లాస్టిక్ పట్టీల్లో ఒక్కొక్కటిగా దూర్చాలి. పాతవి తీసేసి ఇంటికి తెస్తుంది. వెనకవైపు తెల్లగా ఉంటాయి కదా, పారేయడం ఎందుకని పిన్ని వాటి మీద కొనాల్సిన సామాన్లు రాసుకుంటుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మూడు నెలలు చూస్తామన్నారు. ఆ మూడు నెలలూ ఈ శుక్రవారంతో ఆఖరు. పిల్లని ఉంచాలో పంపాలో మేనేజరు శుక్రవారం పైవాళ్ళకు కాగితం రాస్తాడు.

ఆ మేనేజరుకి షాపులో పనివాళ్ళు పెట్టిన పేరు గడియారం. మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ మొహం కాదు, చేతి వాచీ చూస్తాడు. నెల కిందట ఆయన పిచ్చుకను పిలిచి, "మంగళవారం మంగళవారం ఒకావిడ గొడుగేసుకొచ్చి మన ధరలన్నీ రాసుకుపోతోంది. కచ్చితంగా మెట్ల మీది వాళ్ళు పంపిన మనిషే. ఓ కంట కనిపెట్టు" అన్నాడు.

పిచ్చుక తలూపేసింది. మా అమ్మ సార్ అని అప్పుడే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు. ఇంటికొచ్చి తల్లికి చెప్పింది.

"అయితే మానేస్తానే. మూడేళ్ళు రాసింది చాలు."

"నువ్వు మానేస్తే భవనంలో వాళ్ళు నన్ను బతకనివ్వరు. రా, రాసుకో. కాకపోతే షాపులో నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. ఈ మూడు నెలలు గడిచేదాకా. సరేనా?"

"కన్నతల్లినే! తెలీదని ఎట్లా అంటానే?"

"అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. నీకు అదే కష్టమనుకో" అన్నాడు తండ్రి పేపరు చాటునుంచి.

అలా నెల గడిచింది. ఆ ఆఖరి మంగళవారం వచ్చింది.

తెల్లవారుజామున పిచ్చుక హడావిడిగా తయారవుతుంటే యూనిఫాం చొక్కాకి మెడ కింది బొత్తాం ఊడి మంచం కిందికి దొర్లిపోయింది. పిన్ని టార్చి వేసి వెతికింది. దొరకలేదు.

"పిన్నీసు పెట్టుకుపోతాలే. నీలం బొత్తాం ఒకటి కొనుక్కురా, సాయంత్రం కుడుదువు" అంది పిచ్చుక. తల్లి బుగ్గ గిల్లి, "ఇవాళ ఒక సంగతుందే. సాయంత్రం చెప్తా" అంటూ మెట్లు దిగిపోయింది.

"సంగతా? ఏం సంగతే? మంచిదా చెడ్డదా? ఒసే పిచ్చుకా!"

పిన్ని భర్త వైపు తిరిగింది. "విన్నారా? సంగతంట."

"మంచి సంగతే అయుంటుంది."

"మంచిదైతే అప్పుడే చెప్పేదిగా? పోయిన వారం నా పుస్తకం బీరువా మీద ఉండాల్సింది బల్ల మీద కనిపించినప్పుడే అనుకున్నాను, ఏదో జరగబోతోందని."

"నీ పుస్తకం కోసం దొంగలొచ్చారన్నావు అప్పుడు. మూడు షాపుల ఉప్పు ధర తెలుసుకుని పోయారా పాపం?"

పిన్ని ఆయన్ని ఉరిమి చూసి, సంచిలోంచి ఒక పాత ధర చీటీ తీసి వెనకవైపు రాసుకుంది: పాలు, ఉప్పు, పిచ్చుక చొక్కాకి నీలం బొత్తాం.

మెట్ల షాపులో సబ్బుపొడి కిలో ఎనభై నాలుగు. మూల షాపులో ఎనభై రెండు. రెండూ రాసుకుని, తలుపుల షాపుకు వచ్చి, ఆ గాజు తలుపులు ఎక్కడ మూసుకుని తనను నొక్కేస్తాయోనని ఎప్పటిలాగే ఒక్క గెంతు గెంతి లోపలికి పడింది. బియ్యం రాసింది. నూనె రాసింది. ఉల్లిపాయల దగ్గర నాలుగు కెలికి చూసి, అక్కడ కాస్త ఎక్కువే రాసింది. తర్వాత సబ్బుపొడి అర ముందుకొచ్చి ఆగిపోయింది.

చీటీ మీద డెబ్బై తొమ్మిది ఉంది.

పుస్తకం వెనక్కి తిప్పింది. పోయిన వారం తొంభై ఏడు. అంతకుముందు వారమూ తొంభై ఏడే. కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. తీసి చూసింది. డెబ్బై తొమ్మిదే. ఈ షాపులో ఏ ధరా ఒక్కసారిగా ఇంత దిగింది లేదు. మూడేళ్ళ పుస్తకాలు సాక్ష్యం.

"అయ్యో నా తల్లీ, మళ్ళీ తిరగేసిందే!"

ఆ భయం ఇవాళ్టిది కాదు. ఒకటో క్లాసులో పిచ్చుక ఏ అంకె రాసినా తిరగేసి రాసేది. పన్నెండు రాయమంటే ఇరవై ఒకటి రాసేది. ఇంటి నంబరు పద్నాలుగైతే నలభై ఒకటని అందరికీ చెప్పి, ఒకరోజు బడి వదిలాక నలభై ఒకటో నంబరు ఇంటి ముందు కూచుని, మా అమ్మ తలుపు తీయట్లేదని ఏడుస్తూ దొరికింది. టీచరు పిలిపించి, పెద్దయ్యాక అదే పోతుందిలెమ్మని చెప్పింది. పోయిందనే అనుకున్నారు. పోలేదన్నమాట. తొంభై ఏడు కొట్టబోయి డెబ్బై తొమ్మిది కొట్టింది.

ఇక పిన్ని బుర్ర పరుగు అందుకుంది. ప్యాకెట్టుకు పద్దెనిమిది నష్టం. వంద ప్యాకెట్లమ్మితే? ఆ గడియారం ఊరుకుంటాడా? శుక్రవారం కాగితం మీద ఏం రాస్తాడు? అంకెలు రాని పిల్ల అని రాస్తాడు. ఆ కాగితం చూశాక ఇంకో షాపువాడు మాత్రం ఉద్యోగమిస్తాడా? పాతికేళ్ళు నిండని పిల్ల, జీవితమంతా ముందుంది!

కూతురి కోసం చుట్టూ చూసింది. ఎక్కడా లేదు. గోడౌనులో ఉన్నట్టుంది. కేకేసి పిలుద్దామంటే ఒప్పందం. ఇంకొకళ్ళకు చెబితే పిల్ల తప్పు తనే బయటపెట్టినట్టవుతుంది. ఏం చేయాలి భగవంతుడా అని సంచిలో చెయ్యి పెట్టి పిసుకుతుంటే వేళ్ళకు కాగితం తగిలింది. పొద్దున సామాన్లు రాసుకున్న చీటీ. ఇవతలకి తిప్పితే, అచ్చంగా సబ్బుపొడి కిలో, తొంభై ఏడు!

దేవుడున్నాడు అనుకుంది పిన్ని. అటూ ఇటూ చూసి, డెబ్బై తొమ్మిది చీటీ లాగి నోటుపుస్తకంలో దాచి, పట్టీలోకి తొంభై ఏడు దూర్చింది. సొంత చీర సర్దుకున్నట్టు చేత్తో ఒకసారి పట్టీని సర్ది, ఏమీ ఎరగనట్టు పాల వైపు నడిచింది. గుండె దడదడలాడుతోంది గాని, ఆ దడలో ఒక సంతోషం. పిల్లను గండం గట్టెక్కించాను. సాయంత్రం నెమ్మదిగా చెప్తాను, తిట్టను కూడా తిట్టను.

పాలు బుట్టలో వేసుకుంటుండగా పైనుంచి మైకు గరగరమంది.

"వినియోగదారులకు మనవి. ఈ వారం మన షాపులో ప్రత్యేక ధర! సబ్బుపొడి కిలో తొంభై ఏడుది డెబ్బై తొమ్మిదికే! ఈ పేటలోకెల్లా తక్కువ ధర! డెబ్బై తొమ్మిది మాత్రమే!"

పిన్ని చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది.

పిల్ల తప్పు రాయలేదు. పిల్ల ఒప్పే రాసింది. తప్పు చేసింది తను.

దొంగకు తేలు కుట్టినట్టయింది. మళ్ళీ వెళ్ళి మార్చేద్దామని గబగబా సబ్బుపొడి అర దగ్గరికి వచ్చేసరికి అక్కడ అప్పటికే పది మంది పోగయ్యారు. ముందు నిలబడి, టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ట్రాలీని నేలకేసి టకటకా కొడుతున్నాడు.

"మైకులో ఒక ధర, అరలో ఒక ధర! చెవులు నమ్మాలా, కళ్ళు నమ్మాలా? పిలవండయ్యా మీ పెద్దాయన్ని!"

"తాతగారూ, మీకు ఏది తక్కువైతే అది నమ్మండి" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

గడియారం వచ్చాడు. చీటీ చూశాడు, వాచీ చూశాడు, పిచ్చుకను పిలిపించాడు. పిల్ల గోడౌనులోంచి పరుగెత్తుకొచ్చింది. మెడ దగ్గర పిన్నీసు తళుక్కుమంటోంది.

"ఏమ్మా, ఇది నువ్వే కదా పెట్టింది?"

"డెబ్బై తొమ్మిది పెట్టాను సార్. ఆరింటికే పెట్టాను."

"మరి ఇదేంటి? తారీకు చూడు. పోయిన వారంది కూడా కాదు, అటు ముందరిది! పైవాళ్ళతో వారం రోజులు మాట్లాడి ఒప్పించాను ఈ ధరకి. మొదటి గంటలోనే జనం ముందు పరువు తీశావు. శుక్రవారం నీ గురించి నేనేం రాయాలి, నువ్వే చెప్పు."

చీమకాళ్ళంత అక్షరాల్లో చీటీ మూల తారీకు ఉంటుందని పిన్నికి ఈ రోజు దాకా తెలీదు. పిచ్చుక చీటీ మీదికి వంగి చూసింది. "నేను పెట్టాను సార్... డెబ్బై తొమ్మిదే పెట్టాను..."

ఊరుకుంటే చాలు అన్నాడు ఆ రోజు భర్త. ఇప్పుడు ఊరుకుంటే తనను ఎవరూ అడగరు. పాలు కొనుక్కుని గాజు తలుపులు గెంతి వెళ్ళిపోవచ్చు. పోయేది పిల్ల ఉద్యోగం. నోరు తెరిస్తే తనను పట్టుకుంటారు. పోలీసులనే అంటారేమో. జైల్లో దుప్పట్లు ఇస్తారో ఇవ్వరో. పిన్ని గొడుగును గట్టిగా పట్టుకుని ముందుకొచ్చింది.

"ఆ పిల్లని ఏమీ అనకండి బాబూ. చీటీ మార్చింది నేను."

జనమంతా ఇటు తిరిగారు. పిన్ని పుస్తకంలోంచి డెబ్బై తొమ్మిది చీటీ తీసి చూపించింది. "ఇదిగో. ఆ అమ్మాయి పెట్టింది ఇదే. నేనే లాగేశాను."

గడియారం మొదటిసారి వాచీ వదిలేసి మనిషి మొహం చూశాడు. గొడుగు చూశాడు. పుస్తకం చూశాడు. "ఓహో! మీరా?" అన్నాడు. ముందు టోపీ తాతకు తనే స్వయంగా ప్యాకెట్టు అందించి, డెబ్బై తొమ్మిదే తీసుకోమని కౌంటరుకు కేకేసి చెప్పి, చీటీ సరిచేయించి, "మీరిద్దరూ నా గదికి రండి" అన్నాడు.

గదంటే గది కాదు. అట్టపెట్టెల మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు పెద్ద గడియారం. మేనేజరు కూచున్నాడు. తల్లీ కూతుళ్ళు ఎడంగా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు.

"ఏ షాపువాళ్ళు పంపారు మిమ్మల్ని? మెట్ల మీది వాళ్ళా, మూలవాళ్ళా?"

"ఎవరూ పంపలేదు. మా ఆయన కూడా పంపలేదు. వద్దనే అంటారు."

"ఈ అమ్మాయి మీకు తెలుసా?"

పిన్ని పిచ్చుకకేసి ఒక్క క్షణం చూసి, చూపు గోడ మీదికి తిప్పేసింది. ఇచ్చిన మాట మాటే. "నాకేం తెలుసు బాబూ? ఈ అమ్మాయెవరో, ఏ తల్లి కన్న బిడ్డో! చూస్తుంటే మాత్రం బంగారంలాంటి పిల్లలా ఉంది. పొద్దున్నే లేచేటట్టుంది. పని అంటే ప్రాణం పెట్టేటట్టుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చినట్టుంది కూడా. మొహం చూడండి ఎలా పీక్కుపోయిందో."

పిచ్చుక నేలకేసి చూస్తోంది. దాని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

మేనేజరు తొంభై ఏడు చీటీని వేళ్ళ మధ్య తిప్పుతూ అనుకోకుండా వెనక్కి తిప్పాడు. ఆగాడు. దగ్గరగా పెట్టుకుని పైకి చదివాడు.

"పాలు. ఉప్పు. పిచ్చుక చొక్కాకి నీలం బొత్తాం."

పిచ్చుక చొక్కా నీలం. మెడ దగ్గర పిన్నీసు. మేనేజరు పిన్నీసు చూశాడు, పిన్నిని చూశాడు, చీటీ చూశాడు. "పిచ్చుకలు కూడా చొక్కాలేసుకుంటాయామ్మా మీ ఇంట్లో?"

పిచ్చుక ఇక ఆపుకోలేక కిచకిచమని నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మ సార్."

"ఛ, కాదు బాబూ" అంది పిన్ని, అప్పటికీ మాట తప్పకుండా.

"చాల్లేవే అమ్మా! అయిపోయింది!"

అప్పుడు పిన్ని మొత్తం కక్కేసింది. ఒకటో క్లాసు, పన్నెండు, ఇరవై ఒకటి, నలభై ఒకటో నంబరు ఇల్లు, ఏదీ వదల్లేదు. "అమ్మా, అవన్నీ ఎందుకే" అని పిచ్చుక ఎంత గిల్లినా ఆగలేదు. "పిల్ల ఉద్యోగం నిలబెడదామనుకున్నాను బాబూ. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. నన్నేమైనా చేసుకోండి గాని దాన్ని తీసెయ్యకండి."

మేనేజరు చీటీని బల్ల మీద పెట్టాడు. "అమ్మా, ఆ డెబ్బై తొమ్మిది ధర ఎవరి ఆలోచనో తెలుసా మీకు?" అన్నాడు. "ఈ అమ్మాయిదే. పోయిన వారం మూడు షాపుల ధరలూ కాగితం మీద రాసుకొచ్చి చూపించింది. సబ్బుపొడిలో మనమే ఎక్కువ సార్, అందుకే జనం అటు పోతున్నారు, ఎనభైకి లోపు పెడితే ఇటొస్తారు అంది. ఇన్ని ధరలు ఎక్కడివమ్మా అంటే, నమ్మకమైన చోటు నుంచి అంది. ఏదీ, ఆ పుస్తకం ఇటివ్వండి."

పిన్ని కూతురికేసి చూసింది. "అయితే నా పుస్తకం బల్ల మీదికి తెచ్చిన దొంగ..."

"నేనే. ఇవాళ సాయంత్రం చెప్తానన్న సంగతి అదే. ముందే చెబితే వారమంతా నిద్రపోవు కదా."

మేనేజరు ఒక్కో పేజీ తిప్పాడు. కోడికే మనసొప్పని గుడ్ల దగ్గర నవ్వాడు. ఇంకా తిప్పాడు. ఆ రోజు పేజీలో తన షాపు గడి దగ్గరికి రాగానే నవ్వు ఆగిపోయింది. అక్కడ ఇలా ఉంది: "తలుపుల షాపు ఉల్లిపాయలు, పైన మంచివి, కింద కుళ్ళినవి. పైవి చూసి కొంటే కిందవాటికి ఏడవాలి."

"ఇదేంటమ్మా?"

"ఉన్నదే బాబూ. ఇందాకే కెలికి చూశాను."

"ఇది కూడా మీ బల్ల మీద రాస్తారా? మీ అమ్మాయి ఇక్కడే పనిచేస్తున్నా?"

పిచ్చుక తల్లి చెయ్యి పట్టుకుని నొక్కింది, ఈ ఒక్కసారికి రాయనని చెప్పవే అన్నట్టు. పిన్నికి నొక్కుడు తెలిసింది. భయమూ వేసింది. కానీ ధర దగ్గర అబద్ధం ఆడటం ఆవిడకు చేతనైన పని కాదు.

"రాస్తాను బాబూ. సబ్బుపొడి మీ దగ్గరే కొనమని రాస్తాను, ఉల్లిపాయలు మాత్రం వద్దనే రాస్తాను. మా పిల్ల ఇక్కడుందని కుళ్ళినవి మంచివైపోవుగా."

మేనేజరు లేచాడు. బయటికి వెళ్ళిపోయాడు.

"అయిపోయింది" అంది పిన్ని గుండె మీద చెయ్యేసుకుని. "పోలీసులకు ఫోన్ చేయడానికే వెళ్ళాడు."

"ఉల్లిపాయల దగ్గరికి వెళ్ళాడే" అంది పిచ్చుక, తలుపు సందులోంచి చూస్తూ. "అమ్మా, మోచేతుల దాకా చేతులు పెట్టేశాడు."

ఆయన తిరిగొచ్చేసరికి చేతులు కంపుకొడుతున్నాయి. బల్ల మీద రెండు ఉల్లిపాయలు పెట్టాడు. రెండూ నల్లగా, మెత్తగా ఉన్నాయి. "రోజూ చూస్తున్నామని నాకు చెప్తున్నారు. రోజూ చూసేది పైవే అన్నమాట" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతో తనే. చెయ్యి వాచీ దగ్గరికి పోయి, కంపు గుర్తొచ్చి ఆగిపోయింది. "అమ్మా, మంగళవారం రండి. రాసుకోండి. ఏది కనిపిస్తే అది రాయండి. కాని చీటీలు మాత్రం ముట్టుకోకండి. నువ్వు వెళ్ళి పని చూసుకోమ్మా... పిచ్చుకా."

ఆ పేరు సాయంత్రానికల్లా షాపంతా పాకిపోయింది. దానికి పిచ్చుక తల్లితో రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకుండానే బొత్తాం కుట్టించుకుంది.

శుక్రవారం పిల్ల ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. అప్పటికి పిన్ని మనసులో ఉద్యోగం పోయింది, పిల్ల ఏడుస్తూ ఎక్కడో నలభై ఒకటో నంబరు ఇంటి ముందు కూచుంది, భర్త బస్సు వెంటనే ఎక్కి వెతకడానికి బయల్దేరాలి.

"ఇవాళ నాకు సెలవే" అన్నాడాయన.

"అయితే నడిచే వెళ్ళండి!"

ఆయన చెప్పులేసుకుంటుండగా పిచ్చుక లోపలికొచ్చింది. చేతిలో కాగితం ఉంది. ఉద్యోగం ఖాయమైంది. ఆలస్యం ఎందుకంటే, పనివాళ్ళ గదిలో కొత్త నోటీసు అంటించారట, అందరూ దాని చుట్టూ చేరి ఒకటే నవ్వులట. "ధర చీటీలను సిబ్బంది తప్ప ఎవరూ ముట్టుకోరాదు" అని అచ్చువేశారు. దాని కింద మేనేజరు పెన్నుతో రాశాడు: "తల్లులైనా సరే."

"ఉద్యోగం ఖాయమైందిగా, ఇప్పుడైనా నవ్వు" అన్నాడు భర్త, చెప్పులు విప్పుతూ.

"ఖాయమైతే వేరే ఊరు బదిలీ చేస్తారేమో" అంది పిన్ని.

తర్వాతి మంగళవారం పిన్ని మెట్ల షాపు, మూల షాపు ముగించుకుని, గాజు తలుపులు గెంతి లోపలికొచ్చింది. ఉల్లిపాయలు కెలికి చూసింది. కిందా పైనా ఒకటే. అదే రాసింది. సబ్బుపొడి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. అదీ రాసింది. పంచదార దగ్గరికొచ్చి ఆగింది.

మెట్ల షాపులో నలభై ఆరు. మూల షాపులో నలభై ఎనిమిది. పోయిన వారం ఇక్కడ నలభై ఐదు. ఇప్పుడు చీటీ మీద యాభై నాలుగు.

పిన్ని చెయ్యి దురదపెట్టింది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుంది. ఏమో, ఇది కూడా కొత్త ధరేమో. పెరిగిందేమో. తల్లులైనా సరే అన్నారు. నాలుగడుగులు ముందుకేసింది. ఆగలేక వెనక్కొచ్చింది. పక్క వరసలో చీటీలు సర్దుతున్న కూతురి దగ్గరకెళ్ళి చిన్నగా దగ్గింది.

"అమ్మాయిగారూ, ఎందుకైనా మంచిది, ఆ పంచదార చీటీ ఒకసారి చూస్తారా?"

పిచ్చుక విసుగ్గా వచ్చింది. చూసింది. జేబులోంచి ధరల కాగితం తీసి చూసింది. మళ్ళీ చీటీ చూసింది. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. కాగితం మీద నలభై ఐదే ఉంది.

పంచదార దగ్గరికి ఇంకా ఎవరూ రాలేదు. టోపీ తాత ఉప్పు దగ్గరే ఉన్నాడు. పిచ్చుక చటుక్కున చీటీ లాగి జేబులో కుక్కుకుని, మిషను దగ్గరికి పరుగెత్తి, కొత్తది తెచ్చి దూర్చింది. అప్పుడు తల్లి వైపు వంగి గుసగుసలాడింది.

"అమ్మా. ఎవరికీ చెప్పకు."

పిన్ని కళ్ళద్దాలు సర్దుకుని, పంచదార గడిలో నలభై ఐదు వేసింది.

"నేనెవరికి చెప్తానమ్మా?" అంది తలెత్తకుండా. "అసలు నువ్వెవరో నాకు తెలీదుగా."